నిజం చూసేవాళ్లను బట్టి మారుతుందా? క్వాంటమ్ వాదనలను విడదీసి చదవడం ఎలా

"అందరికీ ఒకటే అయిన వాస్తవం అంటూ ఏదీ లేదని క్వాంటమ్ ఫిజిక్స్ తేల్చేసింది" అని మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. 2019లో ఒక ప్రయోగం వివరాలు బయటికి వచ్చినప్పటి నుంచి ఈ మాట మరీ ఎక్కువగా తిరుగుతోంది. ఇది పచ్చి అబద్ధం కాదు, అలాగని ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట కూడా కాదు. దీని వెనక నిజంగానే పదునైన వాదన ఒకటి ఉంది, అది దేని మీద నిలబడిందో చూడకుండా గుడ్డిగా నమ్మినా, కొట్టిపారేసినా ఆ వాదనలోని అసలు విషయం మన చేతికి రాకుండా పోతుంది. అందుకే ఇలాంటి మాట ఎదురైనప్పుడు దాన్ని ఎలా విప్పి చూడాలో చెప్తాను. పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. సూపర్‌పొజిషన్ అంటే రెండు అవకాశాలు కలిసి ఒకే స్థితిగా ఉండటమనీ, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలబడినప్పుడు వ్యతికరణం, అంటే ఇంటర్‌ఫియరెన్స్, కనిపిస్తుందనీ తెలిస్తే చాలు. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

స్థితి వేరు, ఫలితం వేరు

చదువుతున్న దాంట్లో "వాస్తవం" అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ మాట్లాడుతున్నది క్వాంటమ్ స్థితి గురించా, కొలత ఫలితం గురించా అని అడగండి. స్థితి అంటే మనం కాగితం మీద రాసుకునే తరంగ ప్రమేయం. ఏ ఫలితం ఎంత సంభావ్యతతో వస్తుందో దాంతో లెక్కగడతాం. ఫలితం అంటే డిటెక్టర్‌లో ఏం నమోదైంది అన్నది. ఒకే కణానికి ఇద్దరు మనుషులు వేర్వేరు స్థితులు రాసుకుంటే అందులో వింతేమీ లేదు, ఒకరికి తెలిసిన సమాచారం ఇంకొకరికి తెలియకపోవచ్చు, అంతే. చాలా వీడియోలు ఈ మామూలు తేడానే చూపించి "చూశారా, వాస్తవం మారిపోయింది" అంటాయి. అక్కడ వాస్తవం ఏమీ మారలేదు.

అసలు చిక్కు ఒకే ఒక్క చోట ఉంది. ఒకరికి ఫలితం వచ్చేసింది, రెండోవారి లెక్క ప్రకారం ఇంకా ఏ ఫలితమూ రాలేదు, పైగా రెండోవారి లెక్క తెలియకపోవడం వల్ల వచ్చింది కాదు, సిద్ధాంతం ప్రకారం అదే పూర్తి వివరణ అని చెప్పినప్పుడు. మీరు చదువుతున్న వ్యాసం ఆ చోటిదాకా వచ్చిందో లేదో చూడండి. రాకపోతే పక్కన పెట్టేయొచ్చు.

దానితో పాటే "పరిశీలకుడు" అంటే ఎవరని కూడా అడగాలి. ఆ మాట వినగానే మనసు, చైతన్యం గుర్తొస్తాయి. భౌతిక శాస్త్రవేత్త యూజీన్ విగ్నర్ 1961లో రాసిన వ్యాసంలో నిజంగానే చైతన్యాన్ని ముందుకు తెచ్చాడు, కానీ తర్వాతి కాలంలో ఆయనే ఆ అభిప్రాయం నుంచి వెనక్కి తగ్గాడు. ఈ రోజుల్లో ఈ రంగంలో పనిచేసేవాళ్లలో చాలామంది పరిశీలకుడు అన్నప్పుడు, దేనితోనో తలపడి దాని తాలూకు గుర్తును తనలో నిలుపుకోగల భౌతిక వ్యవస్థ అనే అర్థంలోనే వాడతారు. కొందరికి అది ఒక్క పరమాణువైనా సరిపోతుంది, ఇంకొందరికి ఆలోచించి నిర్ణయాలు తీసుకోగల మనిషే కావాలి. ఈ తేడా చివర్లో ప్రయోగాల దగ్గర చాలా ముఖ్యమవుతుంది.

విగ్నర్ స్నేహితురాలి లెక్కను స్వయంగా చేయండి

ఈ మొత్తం చర్చకు గుండెకాయ ఒకే ఒక ఊహా ప్రయోగం. దాని గురించి ఎంత చదివినా, ఒక్కసారి చేత్తో రాసి చూసినంత స్పష్టత రాదు.

అన్ని వైపులా మూసేసిన ప్రయోగశాల ఒకటి అనుకోండి, లోపలి నుంచి ఒక్క ఫోటాన్ కూడా బయటికి పోదు. లోపల విగ్నర్ స్నేహితురాలు, ఆమె దగ్గర ఒక ఎలక్ట్రాన్. ఆ ఎలక్ట్రాన్ స్పిన్, అంటే కొలిస్తే రెండే జవాబులిచ్చే దాని ఒక లక్షణం, "పైకి", "కిందికి" అనే రెండు అవకాశాల సమాన సూపర్‌పొజిషన్‌లో ఉంది. ఆమె స్పిన్ కొలిచింది. ఇప్పుడు కాగితం మీద రెండు వరుసలు రాయండి. మొదటిది ఆమె వరుస: "నేను పైకి అని చూశాను, కాబట్టి ఎలక్ట్రాన్ స్థితి పైకి." ఆమె కిందికి అని చూసి ఉంటే ఆ మాట రాయండి, ఏదో ఒకటి మాత్రం ఖాయం. రెండోది బయట ఉన్న విగ్నర్ వరుస: "ఎలక్ట్రాన్ పైకి, ఆమె పైకి చూసింది" అనేదీ, "ఎలక్ట్రాన్ కిందికి, ఆమె కిందికి చూసింది" అనేదీ కలిసిన సూపర్‌పొజిషన్. క్వాంటమ్ స్థితి కాలంతో ఎలా మారుతుందో చెప్పే ష్రోడింగర్ సమీకరణాన్ని ప్రయోగశాల మొత్తానికీ, అందులోని మనిషితో సహా, వర్తింపజేస్తే వచ్చేది ఇదే.

"విగ్నర్‌కు తెలియదు కాబట్టి అలా రాసుకున్నాడు" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది తప్పని చూపడానికి ఇంకొక్క అడుగు చాలు. విగ్నర్ ఆమెను ఏం చూశావని అడగకుండా, ప్రయోగశాల మొత్తం మీద ఒక వ్యతికరణ కొలత చేస్తాడు, "ఈ ప్రయోగశాల సరిగ్గా నేను రాసుకున్న సూపర్‌పొజిషన్‌లోనే ఉందా?" అన్నదే ఆ కొలత అడిగే ప్రశ్న. అతని వరుస ప్రకారం అవునని వచ్చే సంభావ్యత 1. ఆమె వరుసే ప్రపంచం మొత్తానికీ సరైన స్థితి అయితే, అంటే ఆమె చూసిన క్షణంలోనే సూపర్‌పొజిషన్ పోయి ఒకటే మిగిలి ఉంటే, అవునని వచ్చే సంభావ్యత 1/2 మాత్రమే. ఎన్నోసార్లు చేసి చూస్తే ఈ రెండూ వేర్వేరు అంకెలుగా బయటపడతాయి. కాబట్టి ఇది తెలియకపోవడం గురించిన గొడవ కాదు, రెండు లెక్కలు ఒకే ప్రయోగానికి రెండు వేర్వేరు జవాబులు ఇస్తున్నాయి.

దీనికి డేవిడ్ డాయిష్ 1985లో చేర్చిన మెలిక అంటే నాకు చాలా ఇష్టం. స్నేహితురాలు ఒక చీటీ బయటికి పంపుతుంది. దాని మీద ఏ ఫలితం చూసిందో ఉండదు, "నేను ఒక కచ్చితమైన ఫలితం చూశాను" అని మాత్రమే ఉంటుంది. రెండు అవకాశాల్లోనూ చీటీ మీది మాట ఒకటే కాబట్టి ఆ చీటీ వల్ల సూపర్‌పొజిషన్ చెదరదు. ఆమె ఒకటే చూశానని రాసి పంపింది, విగ్నర్ కొలత మాత్రం రెండూ ఉన్నాయన్నట్టే జవాబిస్తుంది. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. ఈ టెన్షన్ మీకు తగలకపోతే తర్వాత చెప్పేదంతా మాటల గారడీలా అనిపిస్తుంది.

ఒకే ప్రశ్నను అన్ని వ్యాఖ్యానాలకూ వేయండి

క్వాంటమ్ మెకానిక్స్ వ్యాఖ్యానాలను, అంటే ఆ లెక్కల వెనక నిజంగా ఏం జరుగుతోందో చెప్పే రకరకాల వివరణలను, పేర్లతో బట్టీ పట్టడం దండగ. అన్నింటికీ ఒకటే ప్రశ్న వేయండి: ఆమె చూసేసిన తర్వాత, విగ్నర్ ఇంకా ఏమీ చేయకముందు, ఆమె ఫలితం అందరికీ వర్తించే నిజమేనా?

గిరార్ది, రిమిని, వెబర్ 1986లో ఇచ్చిన నమూనా అవును అంటుంది. అందులో కుప్పకూలడం, అంటే సూపర్‌పొజిషన్ పోయి ఒకే అవకాశం మిగలడం, నిజంగా జరిగే భౌతిక ఘటన. ఒక్కో కణానికి అది ఎప్పుడో సుమారు 30 కోట్ల సంవత్సరాలకు ఒకసారి, తనంతట తానుగా జరుగుతుంది, కానీ లెక్కలేనన్ని కణాలున్న పరికరంలోనో మనిషిలోనో ఏదో ఒక కణానికి దాదాపు వెంటనే జరిగిపోతుంది, దాంతో మొత్తం ఒక పక్కకు తేలిపోతుంది. కాబట్టి విగ్నర్ రాసుకున్న వరుసే తప్పు. ఇది వ్యాఖ్యానం అనేకంటే వేరే సిద్ధాంతం అనడం నయం, ఎందుకంటే దీని అంకెలు మామూలు క్వాంటమ్ మెకానిక్స్ అంకెలతో కొన్నిచోట్ల కలవవు.

బోమ్ మెకానిక్స్ కూడా అవును అనే అంటుంది. 1927లో డి బ్రోయ్, 1952లో డేవిడ్ బోమ్ రూపమిచ్చిన ఈ దారిలో కణాలకు ఎప్పుడూ కచ్చితమైన స్థానాలుంటాయి, ఆమె ఫలితం ఒకటే, అది అందరికీ నిజమే. తరంగం మాత్రం ఎప్పటికీ కుప్పకూలదు, అందుకని విగ్నర్ చెప్పిన సంభావ్యత 1 కూడా సరైనదే. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ దీనికి కట్టాల్సిన మూల్యం చిన్నది కాదు: ఒక కణం కదలిక అదే క్షణంలో ఎంతో దూరాన ఉన్న కణాల స్థానాల మీద ఆధారపడుతుంది.

1957లో హ్యూ ఎవరెట్ ప్రచురించిన దారిలో రెండు ఫలితాలూ వచ్చాయి, ఒక్కోటి ఒక్కో శాఖలో. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. విశ్వం మొత్తం తాలూకు స్థితి అందరికీ ఒక్కటే, అది చూసేవాళ్ల మీద ఆధారపడదు. ఫలితం మాత్రం శాఖను బట్టి మాట్లాడాల్సిందే. "పరిశీలకుడిని బట్టి వాస్తవం" అని గుండుగుత్తగా చెప్పే రాతలు ఎవరెట్‌ను కూడా ఇందులో కలిపేస్తాయి, ఆ కలిపేయడం వల్ల చాలా పోతుంది.

నేరుగా "కాదు, ఆమె ఫలితం ఆమెకే నిజం" అనేవి ప్రధానంగా రెండు. కార్లో రొవెల్లీ 1996లో ప్రతిపాదించిన రిలేషనల్ క్వాంటమ్ మెకానిక్స్ ప్రకారం రెండు వ్యవస్థలు తలపడినప్పుడే వాస్తవం పుడుతుంది, అది ఆ రెంటి మధ్య వాస్తవమే తప్ప గాల్లో వేలాడే వాస్తవం కాదు. వేగం ఎంత అని అడిగితే దేనితో పోల్చి అని ఎదురు అడుగుతాం కదా, అలాగే ఇక్కడ స్పిన్ ఎంత అంటే ఎవరికి అని అడగాలి. పోలిక అక్కడితో ఆపండి, ఎందుకంటే వేగాల విషయంలో ఒకరి అంకె నుంచి ఇంకొకరి అంకెకు మారడానికి కచ్చితమైన సూత్రం చేతిలో ఉంది, ఇక్కడ అలాంటి సూత్రం ఉందా అన్నదే పెద్ద వివాదం. రెండోది క్యూబిజం. కేవ్స్, ఫుక్స్, షాక్ 2002లో రాసిన పత్రం నుంచి పెరిగిన ఈ ఆలోచనలో క్వాంటమ్ స్థితి అనేది ఒక వ్యక్తి తనకు ముందు ముందు ఏం ఎదురవుతుందని ఎంత గట్టిగా నమ్ముతున్నాడో చెప్పే లెక్క. ఫలితం అంటే ఆ వ్యక్తికి కలిగిన అనుభవం. ఇద్దరి వరుసలు వేరుగా ఉండటం క్యూబిజంలో సమస్యే కాదు, ఎందుకంటే ఆ వరుసలు ప్రపంచపు చిత్రపటాలని అది ఎప్పుడూ అనలేదు.

క్వాంటమ్ సిద్ధాంతం తొలి నిర్మాతల్లో ఒకరైన నీల్స్ బోర్ నుంచి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన ధోరణి కొలిచే పరికరాన్ని ఒక పక్కన, కొలవబడేదాన్ని ఇంకో పక్కన పెట్టి గీత గీస్తుంది. స్నేహితురాలిని గీతకు ఏ పక్కన పెట్టాలో ఆ పుస్తకాలు చెప్పవు.

సిద్ధాంతం కనిపిస్తే షరతుల జాబితా వెతకండి

"పరిశీలకుడితో సంబంధం లేని వాస్తవాలు అసాధ్యం" అన్న మాట ఒక గణిత సిద్ధాంతం పేరుతో వస్తే ఫలితం చదవకండి, ముందు షరతులు చదవండి. ఇలాంటి సిద్ధాంతాలన్నిటి నిర్మాణం ఒకటే: ఫలానా ఫలానా విషయాలు అన్నీ ఒకేసారి నిజమైతే క్వాంటమ్ మెకానిక్స్ అంకెలతో పొత్తు కుదరదు. అంటే వాటిలో కనీసం ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో సిద్ధాంతం చెప్పదు. 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ ఇచ్చిన సిద్ధాంతం నుంచి ఇదే పద్ధతి.

స్నేహితురాలి కథను బెల్ పద్ధతితో కలిపినవాడు చాస్లావ్ బ్రుక్నర్, అది 2018లో అచ్చయింది. దాన్ని ఇంకా గట్టిపరిచి ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లతో కూడిన బృందం 2020లో ప్రచురించిన సిద్ధాంతమే ఇప్పుడు అందరూ ముందు చూడాల్సింది. కథ ఇలా ఉంటుంది. రెండు ప్రయోగశాలలు, రెండింటిలోనూ చెరొక స్నేహితుడు, ఎంటాంగిల్ అయిన, అంటే విడివిడిగా కాక కలిపి ఒకే స్థితిగా రాయాల్సిన, జంటలోంచి చెరొక కణం. బయట ఇద్దరు. ప్రతిసారీ బయటివాళ్లు తమకు తోచిన ఒక దారి ఎంచుకుంటారు: తలుపు తెరిచి లోపలి వ్యక్తిని ఏం చూశావని అడిగి ఆ జవాబునే తీసుకోవడం, లేదా లోపల జరిగిన కొలతను మొత్తంగా వెనక్కి తిప్పేసి, అంటే ఆ జ్ఞాపకాన్ని కూడా చెరిపేసి, కణం మీద ఇంకో రకం కొలత చేయడం.

షరతులు మూడు. ఎవరైనా ఒకరు చూసిన ఫలితం ఒకటే, అది అందరికీ నిజం అనేది మొదటిది. బయటివాళ్లు ఏ దారి ఎంచుకున్నారన్నది ముందే జరిగిపోయిన వాటితో లోపాయికారీగా ముడిపడి లేదు అనేది రెండోది. ఇక్కడ ఎంచుకున్న దారి ప్రభావం దూరంగా ఉన్న అక్కడి ఫలితం మీద పడదు అనేది మూడోది. ఈ మూడూ ఉంటే రెండు వైపుల ఫలితాల మధ్య పొంతన ఒక హద్దు దాటకూడదు, క్వాంటమ్ మెకానిక్స్ దాటుతుందని చెబుతుంది. బెల్ సిద్ధాంతం కోరే షరతులకంటే ఇవి తేలికైనవి, ఎవరూ చేయని కొలతలకు కూడా ముందే జవాబులుండాలని ఇది అడగదు, నిజంగా ఒకరు చూసినవాటి గురించే అడుగుతుంది. అందుకే దీని దెబ్బ గట్టిది.

ఇప్పుడు పైన చూసిన వ్యాఖ్యానాలను కాగితం మీద ఈ మూడు షరతుల పక్కన రాయండి. బోమ్ మూడోదాన్ని వదిలేస్తాడు. ఎవరెట్, రొవెల్లీ, క్యూబిజం మొదటిదాన్ని వదిలేస్తాయి, ముగ్గురూ మూడు రకాలుగా. రెండోదాన్ని వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు, దాన్ని సూపర్‌డిటర్మినిజం అంటారు. గిరార్ది వాళ్లకు ఏ షరతూ వదులుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే నిజమైన మనిషితో చేస్తే ఆ హద్దు అసలు దాటదని వాళ్ల జోస్యం. చూసేవాడిని బట్టి వాస్తవం అనేది ఉన్న ద్వారాల్లో ఒకటి మాత్రమే అని ఈ పట్టిక రాసుకున్నాక మీకే తెలుస్తుంది.

ఫ్రౌచిగర్, రెన్నర్ 2018లో ఇచ్చిన వాదన దారి కాస్త వేరు. అందులో నలుగురు ఒకరి గురించి ఒకరు తర్కిస్తూ పోతే, 1/12 సంభావ్యతతో వచ్చే ఒక సందర్భంలో పరస్పర విరుద్ధమైన రెండు విషయాల మీద ఒకే మనిషికి గట్టి నమ్మకం కుదురుతుంది. అక్కడ కూడా షరతుల జాబితానే చూడండి: క్వాంటమ్ సిద్ధాంతం ఎంత పెద్ద వ్యవస్థకైనా వర్తిస్తుంది, ఇతరులు కచ్చితంగా తేల్చినదాన్ని మనమూ నిజంగా తీసుకోవచ్చు, ఒక కొలతకు ఒకటే ఫలితం.

ప్రయోగం అన్నప్పుడు స్నేహితుడు ఎవరో అడగండి

2019లో ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఆరు ఫోటాన్లతో చేసిన ప్రయోగంలో, బ్రుక్నర్ వాదన ప్రకారం ఫలితాల పొంతన దాటకూడని హద్దు 2 అయితే వచ్చిన విలువ సుమారు 2.416, అంటే ఐదు ప్రామాణిక విచలనాలకు పైనే, యాదృచ్ఛికంగా వచ్చిందనడానికి దాదాపు వీల్లేనంత తేడా. చక్కటి పనితనం. కానీ అందులో "స్నేహితుడు" ఒక ఫోటాన్. ఇంకో ఫోటాన్ ధ్రువణాన్ని, అంటే ఆ కాంతి కంపించే దిశను, తనలో నమోదు చేసుకుంది కాబట్టి దాన్ని పరిశీలకుడిగా లెక్కగట్టారు. గ్రిఫిత్ బృందం 2020 నాటి ప్రయోగంలో ఆ పాత్ర ఫోటాన్ వెళ్లే దారికి దక్కింది. పరమాణువు కూడా పరిశీలకుడే అనే రొవెల్లీ పక్షానికి ఇవి నేరుగా సంబంధించినవే. ఫోటాన్‌ను పరిశీలకుడిగా ఒప్పుకోనివాళ్లకు మాత్రం ఇవి క్వాంటమ్ మెకానిక్స్ అంకెలు ఇక్కడ కూడా సరిపోయాయని చెప్పాయి, అంతకుమించి దేన్నీ వదులుకోమని బలవంతపెట్టలేదు. వార్తల్లో పోయింది ఈ ఒక్క వాక్యమే.

మనిషితో ఎందుకు చేయలేరు? డీకోహెరెన్స్ వల్ల. గాలి అణువులు, కాంతి, వేడి అన్నీ మన ఒంటిని తాకుతూ మన స్థితి తాలూకు సమాచారాన్ని క్షణంలో నలుదిక్కులా మోసుకుపోతాయి, వాటన్నింటినీ వెనక్కి తెచ్చి వ్యతికరణం చూపడం ఎవరి వల్లా కాదు. డీకోహెరెన్స్ మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త వోయ్‌చెహ్ జురెక్ ఇక్కడి నుంచి ఇంకో అడుగు వేశాడు: పరిసరాల్లోకి పోయిన ఆ సమాచారానికి ఎన్నో నకళ్లు ఉంటాయి, తలా ఒక నకలు చదివి అందరం ఒకే మాట చెబుతాం. రోజువారీ విషయాల్లో "ఎవరి నిజం వాళ్లది" అని చెప్పడానికి క్వాంటమ్ మెకానిక్స్‌ను సాక్ష్యంగా తెచ్చేవాళ్లకు ఇదే జవాబు. అభిప్రాయాలు వేరుగా ఉండటానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఏ వ్యాఖ్యానంలోనైనా సరే. అలాగని డీకోహెరెన్స్ చిక్కును పూర్తిగా తీర్చేస్తుందనీ అనుకోకండి. అది వ్యతికరణాన్ని కనిపించకుండా చేస్తుంది, రెండు అవకాశాల్లో ఒకటే ఎందుకు వచ్చిందో చెప్పదు.

సాపేక్ష వాస్తవాలను నమ్మేవాళ్లను ఏం అడగాలి

నా మటుకు నాకు, మొదటి షరతును వదులుకోవడం పిచ్చి ఆలోచనేమీ కాదు, దాన్ని గౌరవంగానే చూడాలి. కానీ దాన్ని వదులుకున్నవాళ్ల మీద ఒక బాధ్యత పడుతుంది, వాళ్లను అక్కడే గట్టిగా పట్టుకోవాలి. విగ్నర్ తలుపు తెరిచి "ఏం చూశావు?" అని అడిగాడు, ఆమె "పైకి" అంది. అతను విన్న "పైకి", ఆమె నిజంగా చూసినదే అనడానికి హామీ ఏది? ఆమె వాస్తవం ఆమెకే, అతని వాస్తవం అతనికే అయితే, ఇద్దరూ రెండు వేర్వేరు ప్రపంచాల్లో ఇరుక్కుపోయి ఒకరి మాట ఒకరు విన్నామని భ్రమపడుతున్నారా? ఇది కేవలం తత్వశాస్త్రం ప్రశ్న కాదు. ఒకరి కొలతలను ఇంకొకరు నమ్మి తిరిగి చేసి చూడటం మీదే సైన్స్ నడుస్తుంది, క్వాంటమ్ మెకానిక్స్‌ను మనం నమ్మడానికి కారణం కూడా అలా పోగైన సాక్ష్యాలే. సాక్ష్యం పంచుకోవడానికే వీల్లేదని తేల్చే వ్యాఖ్యానం తను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటుంది.

ఈ విమర్శ రొవెల్లీ పక్షం విన్నది, పట్టించుకున్నది కూడా. ఎమిలీ ఆడ్లమ్‌తో కలిసి ఆయన 2022లో ఒక కొత్త సూత్రం చేర్చాడు: ఆమెలో ఆ ఫలితాన్ని దాచుకున్న భౌతిక గుర్తును విగ్నర్ సరైన పద్ధతిలో కొలిస్తే, మధ్యలో ఎవరూ దాన్ని చెరపనంతవరకు, ఆమె చూసినదే అతనికీ దొరుకుతుంది. దీంతో ఒంటరితనం పోయింది, కానీ మొదట్లో ఉన్న "ప్రతి వాస్తవమూ సాపేక్షమే" అన్న పట్టు సడలిందని కొందరి అభ్యంతరం. నాకైతే సడలినా మంచిదే అనిపిస్తుంది. మీరు చదువుతున్న రచయిత సాపేక్ష వాస్తవాల గురించి ఎంత అందంగా రాసినా, ఇద్దరు మనుషులు ఎలా ఏకీభవిస్తారో ఒక్క పేరా కూడా రాయకపోతే ఆ వాదన సగంలోనే ఆగిందని గుర్తుపెట్టుకోండి.

ఇక ముందు వచ్చే వార్తల కోసం ఒక విషయం. వైజ్‌మన్, కావల్‌కాంటి, రీఫెల్ 2023లో ప్రచురించిన పత్రంలో స్నేహితుడి స్థానంలో క్వాంటమ్ కంప్యూటర్ మీద నడిచే, మనిషి స్థాయి కృత్రిమ మేధను పెట్టాలని ప్రతిపాదించారు. దాని ఆలోచనలను మొత్తంగా వెనక్కి తిప్పడం కనీసం సూత్రప్రాయంగా వీలవుతుంది కాబట్టి. అలాంటి యంత్రం ఇప్పటి సాంకేతికతకు చాలా దూరం. ఎప్పుడో అది జరిగి, హద్దు దాటకపోతే క్వాంటమ్ లెక్కే ఆ స్థాయిలో చెడిందని, కుప్పకూలే సిద్ధాంతాల తరహా మాటకు బలం వచ్చిందని అర్థం. హద్దు దాటితే, ఆ యంత్రం ఆలోచనను ఆలోచనగా ఒప్పుకునే ప్రతివాళ్లూ మూడు షరతుల్లో ఒకటి వదులుకోక తప్పదు. బోమ్, ఎవరెట్, రొవెల్లీ, క్యూబిజం వీటిలో ఏది సరైనదో మాత్రం ఆ ప్రయోగం కూడా చెప్పదు, నాలుగూ ఆ ప్రయోగానికి ఒకే అంకెను ఒప్పుకుంటాయి.